వూప్ యాప్: సప్లీ రాసేవాళ్లు ఒకసారి వాడి చూడండి

ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. ఎం-3 (మ్యాథ్స్ మూడో పేపరు) తప్పి సప్లీ రాసేవాళ్లలో ‘ఈసారి పక్కా కొట్టేస్తా మేడమ్’ అనేవాళ్లుంటారు, ‘నాకు మ్యాథ్స్ రాదు మేడమ్, ఇంతే’ అనేవాళ్లుంటారు. ఇద్దరికీ నేను చెప్పే యాప్ వూప్. డబ్బులేం కట్టక్కర్లేదు. న్యూయార్క్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ గాబ్రియేల్ ఓటింగెన్ పరిశోధనల్లోంచి వచ్చింది. వరసగా నాలుగు అడుగుతుంది: నీకేం కావాలి, అది దొరికితే ఎలా ఉంటుంది, నీలో ఏది అడ్డుపడుతోంది, అది ఎదురైతే ఏం చేస్తావు.

విలువంతా మూడో ప్రశ్నలోనే ఉంది. ఒక కుర్రాడు మొదట ‘టైం లేదు’, ‘పేపర్ టఫ్’ అని రాశాడు. అవి బయటివి, నీలో ఉన్నది రాయమన్నాను. చాలాసేపు ఆలోచించి, ‘ఇన్వర్స్ లాప్లాస్ లెక్క మధ్యలో ఆగిపోతే పుస్తకం మూసేసి రీల్స్ చూస్తాను’ అని రాశాడు. దాని కింద: ‘లెక్క ఆగిపోతే, సాల్వ్ చేసిన లెక్క తీసి ఆ ఒక్క స్టెప్పు చూసి మళ్లీ నా లెక్కకే వస్తాను.’ తర్వాత వాడి నోట్సు తెప్పించుకుని చూశాను. నిండా కొట్టివేతలు, మార్జిన్‌లో ఆ లెక్కల్లో వచ్చే పార్షియల్ ఫ్రాక్షన్స్ స్టెప్పు మళ్లీ మళ్లీ చేసిన గుర్తులు. సగంలో వదిలేసిన లెక్క మాత్రం కనబడలేదు. నాకెంత సంతోషమైందో!

ఆశ ఉంటే మార్కులొస్తాయా అంటే, ఎలాంటి ఆశ అని అడగాలి. ఓటింగెన్, మేయర్ అనే మరో పరిశోధకురాలు కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి కాలేజీ విద్యార్థుల పరీక్ష మీదే. బాగా రాయగలమన్న నమ్మకం ఉన్నవాళ్లకి గ్రేడ్లు మెరుగ్గా వచ్చాయి. మంచి గ్రేడు వచ్చేసినట్టు ఊహించుకుని మురిసిపోయినవాళ్లకి తగ్గాయి. ‘ఇంతే’ అనేవాళ్ల సంగతి పీటర్సన్, బారెట్ అనే పరిశోధకులు 1987లోనే చూపించారు: ఏ చెడు జరిగినా తప్పు తమదేననీ, అదిక మారదనీ అనుకునే ఫస్టియర్ విద్యార్థులు గ్రేడ్లలో వెనకబడ్డారు.

అమెరికాలో పీఎస్ఏటీ అనే పరీక్షకి తయారయ్యే హైస్కూల్ పిల్లలతో ఇదే పద్ధతి కాగితం మీద రాయించారు. మిగతావాళ్లకంటే 60 శాతానికి పైగా ఎక్కువ ప్రాక్టీస్ ప్రశ్నలు చేశారని 2011లో తేలింది. అందుకే నేనూ యాప్‌లో ఒకసారి చేయించి, ఆ తర్వాత లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో తెలుగులోనే రాయిస్తాను. ఫోన్ తీస్తే రీల్స్ వైపు వెళ్లే పిల్లలకి అదే మేలు.

సబ్జెక్టు మాత్రం ఇది నేర్పదు. బేసిక్స్ రానివాళ్లు ముందు మా దగ్గరికి రండి. నిద్ర, తిండి కూడా మానేసేంత దిగులుగా ఉంటే యాప్‌తో పెట్టుకోకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.