విజయవాడలో ‘టీకప్ షిట్జు’ కుక్కపిల్లను కొనబోయేవారికి హెచ్చరిక

‘టీకప్ సైజు, చైనా ఇంపోర్టెడ్ లైన్, 60 రోజుల పిల్ల’ అని ఎవరైనా ఫోటోలు పంపితే అడ్వాన్సు వేయకండి. మాకు అంటగట్టింది చిన్న సైజు పిల్లను కాదు, చిన్న వయసు పిల్లను. తల్లి పాలు మానకముందే విడదీసి తెచ్చారు.

అమ్మిన మనిషిది గుంటూరు వైపు. మేము వచ్చి తల్లి కుక్కను చూస్తామంటే, బయటివాళ్లు వస్తే తన కుక్కలకు జబ్బులు అంటుకుంటాయన్నాడు. వినడానికి ఎంత బాధ్యతగా ఉందో చూడండి! కనకదుర్గ వారధి దగ్గర కారు ఆపి, అట్టపెట్టెలో పిల్లను అందించి, మిగిలిన డబ్బు ఫోనులో పడిందని చూసుకుని వెళ్లిపోయాడు. రెండు మూడు రోజులకే వాంతులు, రక్తవిరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు.

పశువైద్యుడు ముందుగా పిల్ల నోరు తెరిచి చూశారు. ఎనిమిది వారాల పిల్లకు 28 పాలపళ్లూ దాదాపుగా వచ్చేసి ఉండాలి. దీనికి ముందు పళ్లు, కోరలే ఉన్నాయి, దవడ పళ్లు ఇంకా రాలేదు. ఐదు వారాలు దాటి ఉండదన్నారు. టీకా కార్డులో రెండు సంతకాలున్నాయి కానీ మందు సీసా మీది స్టిక్కర్ లేదు, డాక్టరు ముద్ర లేదు. అమ్మినతనిని అడిగితే మా ఇంటి తిండి పడలేదన్నాడు. పార్వో సోకాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే మా గుమ్మం తొక్కేసరికే అది పిల్ల ఒంట్లో ఉందన్నమాట.

సెలైన్ల మీద ఎలాగో బతికింది. ఇప్పుడు ఆరు కిలోలు! షిట్జు పెరిగితే సుమారు నాలుగు నుంచి ఏడు కిలోలు తూగుతుంది. టీకప్ అనే రకాన్ని కుక్కల జాతులను నమోదు చేసే ఏ ప్రధాన కెన్నెల్ క్లబ్బూ గుర్తించదు.

ఇక ఆ ‘చైనా లైన్’ సంగతి. టిబెట్ మూలాలున్న ఈ కుక్కలను చైనా రాజప్రాసాదంలో ఒడి కుక్కలుగా పెంచారు. 1908లో చనిపోయిన రాజమాత సిషీకి ఇవంటే మోజు. కమ్యూనిస్టు పాలన వచ్చాక చైనాలో ఈ జాతి దాదాపు కనుమరుగైంది. 1930 నుంచి ఇంగ్లండుకు, నార్వేకు చేరిన కొద్దిపాటి కుక్కలే దీన్ని నిలబెట్టాయి. నేటి షిట్జులన్నీ 14 కుక్కల సంతతేనని అమెరికన్ కెన్నెల్ క్లబ్ చెబుతోంది. కాబట్టి నేరుగా చైనా నుంచి వచ్చిన వంశమంటూ అదనంగా పదివేలు అడిగితే నవ్వి ఊరుకోండి.

ఇల్లు కాపలా కాస్తుందని కూడా అమ్మినతను చెప్పాడు. టిబెట్ మఠాల్లో కాపలాకు పనికొచ్చినది లాసా ఆప్సో అనే వేరే జాతి. దానికి కొత్తవాళ్లంటే అనుమానం. షిట్జు అయితే దొంగ వచ్చినా తోక ఊపి ఒళ్లో కూర్చుంటుంది. ప్రేమ ఎక్కువ, మొండితనమూ ఉంది, బయటికి వెళ్లి మూత్రం పోయడం నేర్పడానికి ఓపిక కావాలి. రోజూ దువ్వకపోతే బొచ్చు జడలు కడుతుంది. పొట్టి ముక్కు వల్ల రొప్పినా ఒంటి వేడి సరిగా తగ్గదు, కాబట్టి బెజవాడ రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట దాన్ని బయట తిప్పకూడదు. ఇవేవీ అమ్మేవాళ్లు చెప్పరు.

ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధం. కుక్కలను పెంచి అమ్మే బ్రీడరుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగండి, తల్లిని దాని ఇంట్లోనే చూడండి, డబ్బిచ్చే ముందు పిల్లను మీకు తెలిసిన డాక్టరుకు చూపించండి. కెన్నెల్ క్లబ్ కాగితాలు తరువాత పంపుతానంటే అవి రావనే అనుకోండి, మాకు ఇప్పటికీ రాలేదు.

ఇప్పటికే ఇలా కొని నష్టపోయినవారు చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణ, ఆ టీకా కార్డు పారేయకుండా దాచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. మేము చేశాం. ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా తిరిగి రాలేదు.