గాట్‌మన్ కార్డ్ డెక్స్ యాప్: ప్రశ్నలకన్నా వినడం నేర్పే కార్డులే అసలు సరుకు

భార్యాభర్తల కోసమంటూ వచ్చే యాప్‌లు చాలావరకు వారం రోజులు ఫ్రీ అని పిలిచి ఆ తర్వాత డబ్బులు గుంజే రకమే. ఈ గాట్‌మన్ కార్డ్ డెక్స్‌కి మాత్రం పైసా ఇవ్వక్కర్లేదు. 14 డెక్కులు (అంటే కార్డుల కట్టలు), మొత్తం వెయ్యికి పైగా కార్డులు, ఒక్కోదాని మీద ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఓ ప్రశ్నో మాటో ఉంటుంది. డెక్ తెరిచి ఒక్కో కార్డూ జరుపుకుంటూ పోవడం, నచ్చింది దాచుకోవడం, అంతే.

దీని వెనకున్న జాన్ గాట్‌మన్ సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ల్యాబ్ పెట్టి ఏళ్ల తరబడి దంపతుల మాటతీరుని గమనించిన సైకాలజిస్టు. కొత్తగా పెళ్లయినవాళ్లని చూసి ఆరేళ్ల తర్వాత మళ్లీ వాకబు చేస్తే, కలిసున్న జంటలు ఒకరి చిన్న చిన్న పలకరింపులకి ఇంకొకరు 86 శాతం సార్లు స్పందించారట, విడిపోయినవాళ్లలో అది 33 శాతమే. పలకరింపు అంటే పెద్ద విషయమేం కాదు, "ఇదిగో, ఇది చూడు" అంటే తలెత్తి చూడటం కూడా లెక్కలోకే వస్తుంది.

అందరూ పొగిడేది లవ్ మ్యాప్స్ డెక్‌ని. నాకు అంత ఎక్కలేదు. నా దగ్గరి స్నేహితులెవరు, నన్నిప్పుడు టెన్షన్ పెడుతున్నదేంటి లాంటి ప్రశ్నలు బాగానే ఉంటాయి గానీ, కాసేపటికి అది క్విజ్ పోటీ అయిపోయి "ఇది కూడా తెలీదా నీకు?" దగ్గర ఆగుతుంది. నా ఓటు గ్రేట్ లిజనింగ్ డెక్కులకే. ఎదుటి మనిషి చెబుతుంటే ఏం అడగాలి, వాళ్ల బాధ మనకి అర్థమైందని ఎలా చెప్పాలి అనేవి అందులో ఉంటాయి, సలహా ఇవ్వడం మాత్రం ఉండదు.

మా ఆయనకి ఎవరేం చెప్పినా వెంటనే పరిష్కారం చెప్పేయడం అలవాటు. ఆఫీసులో అప్రైజల్ గొడవ చెప్పడం మొదలెట్టానో లేదో "అయితే రేపే మేనేజర్‌కి మెయిల్ పెట్టు" అనేవాడు, దాంతో ఆ టాపిక్ అక్కడితో సరి. ఆ డెక్ చూశాక ఓ రాత్రి అదే గొడవ మళ్లీ ఎత్తితే, మెయిల్ మాట మింగేసి, "అందులో నీకు బాగా గుచ్చుకున్నదేంటి?" అన్నాడు. నేను చెప్పుకుంటూ పోతే తేలిందేంటంటే నా కోపం మేనేజర్ మీద కానే కాదు, మీటింగులో అన్నీ తెలిసి కూడా నోరు మెదపని నా ఫ్రెండ్ మీద, ఆ సంగతి నోటితో చెప్పేదాకా నాకే తెలీదు! మెయిల్ పెట్టి ఉంటే ఏమయ్యేదో.

ఇబ్బందులూ లేకపోలేదు. కార్డులన్నీ ఇంగ్లీషులోనే, కాబట్టి ఉన్నదున్నట్టు చదివితే కాల్ సెంటర్ వాళ్లు మాట్లాడినట్టుంటుంది, భావం పట్టుకుని మన మాటల్లో అడగాల్సిందే. పైగా ఇంట్లో ఇద్దరే ఉంటారన్న లెక్కలో రాసినవి ఇవి, హాల్లో అత్తగారు సీరియల్ చూస్తుంటే "నీ కలలేంటి" అని అడగడం కుదిరే పని కాదు. మేమైతే అన్నం తిన్నాక డాబా మీదికి పోతాం, ఒక్క ఫోనే తీసుకెళ్తాం. రెండోది వెంట వస్తే వాట్సాప్ కూడా వచ్చి కూర్చుంటుంది.

గొడవ మధ్యలో మాత్రం దీన్ని తెరవకండి. మంట మీదున్న మనిషికి కార్డు చూసి సానుభూతి చెబితే వెక్కిరించినట్టే ఉంటుంది. చేయి చేసుకునే మొగుళ్లకి ఈ కార్డులు మందు కాదని వేరే చెప్పాలా?

అయిదుకి నాలుగు స్టార్లు. ఇన్‌స్టాల్ చేసుకున్నాక సాల్సా అని మైల్డ్, మీడియం, హాట్ డెక్కులు కనిపిస్తాయి, అవి వంటకాలు కావు, పడకగది కబుర్లు. గేములకని మీ ఫోన్ లాక్కునే పిల్లలుంటే యాప్‌కి లాక్ పెట్టుకోండి.