అష్టాంగ విన్యాస యోగా: ఏళ్ల తరబడి చేశాక నా మాట

అష్టాంగ విన్యాస యోగాలో నాకు అన్నిటికంటే నచ్చింది లెక్క. సూర్య నమస్కారం ‘ఏ’లో తొమ్మిది విన్యాసాలు, అంటే ఊపిరితో జతపడిన కదలికలు, ‘బి’లో పదిహేడు. ‘ఏకం’ అనగానే ఊపిరి పీలుస్తూ చేతులు పైకి, ‘ద్వే’ అంటే వదులుతూ ముందుకు వంగడం, ‘త్రీణి’ అంటే మళ్లీ పీలుస్తూ తల ఎత్తడం. ‘షట్’ దగ్గర, అరచేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో ఐదు శ్వాసల పాటు ఆగుతాం. ఊపిరి లేకుండా వేలు కూడా కదలకూడదు. ఏళ్లుగా చేస్తున్నా ఈ లెక్క నాకు విసుగు పుట్టించలేదు. ఆఫీసు గొడవలేవీ దాని మధ్యలో దూరలేవు, దూరితే అంకె తప్పిపోతుంది.

ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది మైసూరుకు చెందిన కె. పట్టాభి జోయిస్. 1948లో అక్కడే సంస్థ పెట్టి 2009లో కన్నుమూసేదాకా నేర్పారు. ఆయనకూ మరో పేరున్న యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్‌కూ గురువు ఒక్కరే, తిరుమలై కృష్ణమాచార్య. ఒకే గురువు దగ్గర నేర్చుకున్నా అయ్యంగార్ పద్ధతిలో ఒక్కో ఆసనంలో చాలాసేపు నిలబెడతారు, జోయిస్ పద్ధతిలో ఎక్కువసేపు నిలవనివ్వరు. నాలాంటి నిలకడలేని మనిషికి రెండోదే కుదిరింది.

మైసూరు తరహా తరగతిలో అందరూ ఒకేసారి ఒకే ఆసనం వేయరు. ఎవరి వరుస వారిది, ఎవరి ఊపిరి వారిది. ఒక ఆసనం కుదిరాకే గురువు తర్వాతిది ఇస్తారు. గదిలో వినిపించేది ఉజ్జాయి శబ్దమే. కళ్లజోడు తుడుచుకునే ముందు ‘హా’ అని ఆవిరి పట్టిస్తామే, నోరు మూసుకుని గొంతుతో అదే చేయడం అన్నమాట. ఈ మధ్య నగరాల్లో ‘విన్యాస ఫ్లో’ పేరుతో హోరెత్తే పాటలు పెట్టి నడిపే తరగతులకూ వెళ్లి చూశాను. చెమట బాగానే పట్టింది, నా ఊపిరి నాకే వినబడలేదు. అలాంటప్పుడు ఏరోబిక్స్ చేసుకుంటే సరిపోతుంది.

శనివారం సెలవు. అమావాస్య, పౌర్ణమి కూడా సెలవే. అందుకే ఇప్పుడు మా ఇంట్లో నాయనమ్మ కంటే ముందు పంచాంగం చూసేది నేనే.

ఇక లోపాలు. ఇందులో ఆసనాలు శ్రేణులుగా, మారని వరుసలో ఉంటాయి. మొదటి శ్రేణిలో కూర్చుని వేసే ఆసనాల మధ్య పదేపదే చతురంగ దండాసనం, అంటే దండీల్లో ఒంటిని నేలకు దగ్గరగా దించే భంగిమ, వస్తుంది. అలసిపోయాక భుజాలు మోచేతుల కంటే కిందకు జారతాయి, నొప్పి అక్కడే మొదలవుతుంది. మోకాళ్లు ఆనించి చేయడంలో నామోషీ ఏమీ లేదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు మెత్తటి మందపు చాప కొనకండి, అరచేయి కుంగి నొప్పి ఎక్కువవుతుంది. పలుచటి రబ్బరు చాప, దానిమీద నూలు జంపఖానా చాలు.

ఒక కాలు పద్మాసనంలో మడిచి నడుము తిప్పే మరీచ్యాసనం ‘డి’ దగ్గర చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోతారు. చిన్నప్పటి నుంచి బాసింపట్టు వేసుకుని భోంచేసినవాళ్లకు కొంత సులువు. కుర్చీలకు అలవాటుపడిన తుంటి తిరగకపోతే ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు నొక్కడం. ఒకచోట కాళ్లు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో ఉన్న నా వీపు మీద గురువు తన బరువంతా వేశారు. తొడ వెనక కండరం కూర్చునే ఎముక దగ్గర పట్టేసింది. నెలల పాటు కింద కూర్చోవడమే కష్టమైంది. అప్పటి నుంచి కొత్త చోటికి ఎక్కడికి వెళ్లినా ‘నన్ను నొక్కవద్దండీ’ అని ముందే చెబుతాను. ఆ మాటకు ముఖం మాడ్చుకునేవారి దగ్గర చేరను.

బరువు తగ్గాలని వచ్చేవారికి నా అనుభవం నచ్చకపోవచ్చు. తూకం దాదాపు ఉన్నచోటే ఉంది. నడుము బిగుతు మాత్రం పోయింది, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. ఇందులో నెట్టే పని చాలా ఉంది, లాగే పని లేదు. అందుకని వారంలో రెండు రోజులు కడ్డీ పట్టుకుని వేలాడతాను. రక్తపోటు, గ్లకోమా ఉన్నవారు శీర్షాసనం జోలికి వెళ్లే ముందు డాక్టరును అడగాలి.

మొదటి శ్రేణి మొత్తానికి గంటన్నర పడుతుంది. పనిరోజుల్లో సగంలో వచ్చే నావాసనం దాకా చేసి, చివరి ఆసనాలు, శవాసనంతో ముగిస్తాను. ఊపిరి బిగబట్టాల్సి వచ్చిందంటే ఆ రోజుకు ఆ ఆసనం అక్కడితో సరి. రెండో శ్రేణికి వెళ్లమని తోటివాళ్లు పోరుతూనే ఉంటారు. నాకు ఆ తొందర లేదు.