మోయమోయా: మందులతో ఆగాలా, ఆపరేషన్‌కి వెళ్లాలా?

మా పాపకు మోయమోయా ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమనులు మెల్లగా మూసుకుపోయే జబ్బు ఇది. తనకు ఆపరేషన్ చేయించామని తెలిసినప్పటి నుంచి, ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: "మందులతో నెట్టుకురాలేమా? తల తెరవడం తప్పదా?" పెద్దవయసులో బయటపడినవాళ్లయితే "డైరెక్ట్ బైపాసా, ఇన్‌డైరెక్టా?" అంటారు. బైపాస్ అంటే మూసుకుపోయిన ధమనిని తప్పించి, మెదడుకు వేరే దారిలో రక్తం అందించే ఆపరేషన్. నేను డాక్టర్ని కాను. స్కాన్లు చూసిన న్యూరోసర్జన్‌దే చివరి మాట. అయితే ఆ గదిలోకి వెళ్లేముందు ఇవి తెలిసి ఉంటే టెన్షన్ కొంత తగ్గుతుంది.

ముందు మందుల సంగతి. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ మోయమోయాలో ధమని మూసుకుపోయేది కొవ్వు పేరుకుని కాదు, గోడే లోపలివైపు మందమవుతూ వస్తుంది. దాన్ని ఆపే మందు ఇప్పటికి లేదు. 1969లో జపాన్ డాక్టర్లు సుజుకి, తకాకు ఈ జబ్బుకు 'పొగ' అనే అర్థంలో పేరు పెట్టారు. యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాలను చూపించే ఎక్స్‌రేలో, పొగలా కనిపించేది జబ్బు కాదు, మూసుకుపోయిన దారికి బదులుగా మెదడు వేసుకున్న సన్నని రక్తనాళాలు. పిల్లల్లో అవి చాలక రక్తం అందదు. పెద్దల్లో అయితే, అందకపోవడంతో పాటు, ఆ బరువు మోయలేక అవి చిట్లే ప్రమాదం కూడా ఎక్కువ.

మేం నాలుగు నెలలు మాత్రలతోనే ఉన్నాం. ఒకరోజు పాప బెలూన్ ఊదుతోంది. మూడోది సగం ఊదేసరికి కుడిచేతిలోంచి అది జారిపోయింది. తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. పది నిమిషాల్లో మామూలైపోయింది, మళ్లీ ఆటలో పడింది. "పోనీలే, తగ్గిపోయింది" అనుకున్నాం. తగ్గలేదు, అది హెచ్చరిక. గట్టిగా ఊదినా, వెక్కివెక్కి ఏడ్చినా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు బిగుసుకుంటాయి. అసలే అంతంతమాత్రంగా అందుతున్న చోటికి ఇంకా తగ్గుతుంది.

నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఆపరేషన్ రకం కాదు. ఆపరేషన్ రోజుకి మెదడు ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నదే. బైపాస్ ఆకలితో ఉన్న భాగానికి రక్తం అందిస్తుంది, చనిపోయిన భాగాన్ని బతికించదు. మా పాపకు బెలూన్ రోజు వచ్చినట్టు చిన్నచిన్న దాడులు వచ్చిపోతున్న దశలోనే ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలామంది మామూలుగా చదువుకుని పెద్దవాళ్లవుతారు. పెద్ద పక్షవాతం వచ్చాక ఆపరేషన్ అయితే తర్వాతివి ఆగవచ్చు, వచ్చినదాని గుర్తు మాత్రం చేతిలోనో మాటలోనో చదువులోనో ఉండిపోతుంది. ఇంకా మాటలు రాని వయసులో బయటపడితే జబ్బు వేగంగా ముదురుతుంది, అక్కడ ఆలస్యం అసలు పనికిరాదు. లక్షణాలు మొదలైన పిల్లల విషయంలో అందుకే నేను ఆపరేషన్ వైపే.

ఇక ఏ ఆపరేషన్? డైరెక్ట్‌లో కణత దగ్గరి ధమనిని మెదడుపై ధమనికి సూటిగా కుడతారు. రక్తం ఆ రోజు నుంచే పారుతుంది. అలవాటు లేని చోటికి ఒక్కసారిగా రక్తం పోటెత్తడంతో మొదటి రోజుల్లో మాట తడబడడం, మూర్ఛ, అరుదుగా రక్తస్రావం జరగవచ్చు. అందుకే అప్పుడు బీపీ మీద అంత కన్నేసి ఉంచుతారు. ఇన్‌డైరెక్ట్‌లో కుట్టరు, ఆ ధమనిని మెదడు మీద పరిచి వదిలేస్తారు. కొత్త నాళాలు వాటంతటవే మొలవాలి, దానికి నెలలు పడుతుంది. పిల్లల మెదడు బాగా మొలిపిస్తుంది, పైగా వాళ్ల నాళాలు కుట్టడానికి మరీ సన్నం. మేం ఎంచుకున్నది ఇదే, రెండు వైపులా, కొన్ని నెలల తేడాతో. పెద్దల్లో ఆ మొలక నమ్మకంగా రాదు కాబట్టి డైరెక్ట్ గానీ, రెండూ కలిపి గానీ చేయడం మేలు.

రక్తస్రావంతో బయటపడిన పెద్దలకు ఒక గట్టి ఆధారం ఉంది. జపాన్‌లో అలాంటి 80 మందిని రెండు గుంపులుగా చేసి 5 ఏళ్లు గమనించారు, ఫలితాలు 2014లో వచ్చాయి. ఆపరేషన్ లేని 38 మందిలో 12 మందికి మళ్లీ రక్తస్రావమైంది, రెండువైపులా డైరెక్ట్ బైపాస్ అయిన 42 మందిలో 5గురికి. చిన్న అధ్యయనమే, ఆ తేడా కాకతాళీయం కాదని గణాంకాలు అంచు మీదే ఒప్పుకున్నాయి. అయినా నా ఇంట్లోవాళ్లకైతే దీన్ని చూసే నిర్ణయించుకుంటాను.

స్టెంట్ గురించి అడిగేవాళ్లకు: గుండెకు పనిచేసినట్టు ఇక్కడ పనిచేయదు, మళ్లీ మూసుకుపోతుంది. ఏ లక్షణమూ లేకుండా, వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడి, రక్తప్రసరణ బాగానే ఉంటే క్రమం తప్పకుండా ఎంఆర్‌ఐ తీయించుకుంటూ ఆగడం తప్పు కాదు.

ఆపరేషన్‌తో జబ్బు పోదు, దాని దెబ్బ తగ్గుతుంది. మా పాపకు తలనొప్పులు ఇంకా వస్తుంటాయి. క్లాసులో ఎక్కువసేపు ఒకే పని మీద మనసు నిలపలేదు, అందుకని టీచర్లతో ముందే మాట్లాడాం. జ్వరం, విరేచనాలు వస్తే ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం మాకు మాత్రలంత ముఖ్యం. కళ్లజోడు కాడ ఆపరేషన్ మచ్చ మీద నొక్కకుండా వదులు చేయించాం. అక్కడ వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది, రాత్రి పడుకున్నాక నేను చూస్తూనే ఉంటాను. ముందువైపు బాగున్నా కొందరిలో కొన్నేళ్లకు మెదడు వెనక ధమని సన్నబడుతుంది. ఈసారి ఎంఆర్‌ఐ రాగానే డాక్టర్‌ని ముందు అడగబోయేది దాని గురించే.