ఏది మేలు: డబ్బిచ్చి పిలిచే చిన్న జట్టా, ఇచ్చిపుచ్చుకునే పెద్ద జట్టా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి జట్టు సీజన్‌కు 12 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్, అంటే తాను సభ్యురాలైన కాలేజీల కూటమి, జట్లతోనే ఆడాలి. ఎవరితో, ఎక్కడ అన్నది కాన్ఫరెన్సే నిర్ణయిస్తుంది. మిగిలిన మూడు నాలుగు మ్యాచ్‌లకు ప్రత్యర్థిని వెతుక్కునే పని విశ్వవిద్యాలయానిదే. అందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. చిన్న కాలేజీకి పెద్ద మొత్తం ఇచ్చి తమ మైదానానికి పిలిపించుకోవడం ఒకటి. ఇందులో బదులుగా వాళ్ల ఊరు వెళ్లాల్సిన పని ఉండదు. సమ ఉజ్జీతో ఒక ఏడాది ఇక్కడ, మరో ఏడాది అక్కడ ఆడేలా ఒప్పందం చేసుకోవడం రెండోది. మొదటిదాన్ని కప్‌కేక్, అంటే తేలిగ్గా మింగేసే ప్రత్యర్థి, అని ఈసడించుకోవడం, రెండోదాన్ని పౌరుషంగా మెచ్చుకోవడం అభిమానుల్లో మామూలే. చిన్న జట్టా పెద్ద జట్టా అన్నదానికంటే, ఏ చిన్న జట్టును ఎన్నిసార్లు పిలుస్తున్నారన్నదే అసలు ప్రశ్న అని నేను నమ్ముతాను.

ముందుగా సొంత మైదానం లెక్క చూడాలి, ఎందుకంటే ఈ నిర్ణయాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పెద్ద విశ్వవిద్యాలయాల బడ్జెట్ సాధారణంగా ఏడాదికి ఏడు సొంత మ్యాచ్‌ల టికెట్ల రాబడి మీద ఆధారపడి ఉంటుంది. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2016 నుంచి తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడిస్తోంది కాబట్టి ఒక ఏడాది ఐదు, మరుసటి ఏడాది నాలుగు మాత్రమే సొంతగడ్డ మీద జరుగుతాయి. ఆ కాన్ఫరెన్స్‌లోని అయోవాను తీసుకుందాం. అదే రాష్ట్రంలోని అయోవా స్టేట్‌తో ఈ జట్టు ఒక ఏడాది తన ఊళ్లో, మరో ఏడాది వాళ్ల ఊరు ఏమ్స్‌లో ఆడుతుంది. 2024లో అయోవాకు సొంతగడ్డ మీద నాలుగే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు దక్కాయి; అయోవా స్టేట్‌తో పాటు ఇల్లినాయ్ స్టేట్, ట్రాయ్ జట్లు కూడా అయోవా సిటీకే వచ్చాయి కాబట్టి ఏడు పూర్తయ్యాయి. 2025లో ఏమ్స్ వెళ్లాల్సి వచ్చినా, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఐదు ఇంటి దగ్గరే పడ్డాయి, ఆల్బనీ, మసాచుసెట్స్ జట్లు వచ్చాయి, మళ్లీ ఏడు. ఇంకో పెద్ద జట్టుతో ఇదే తరహా ఒప్పందం చేసుకుంటే ఈ అమరిక తప్పుతుంది. చిన్న జట్లను పిలవడం పిరికితనం అనేవాళ్లు ఒకసారి కాగితం మీద ఈ కూడికలు వేసుకుని చూడాలి.

బిగ్ టెన్ ఒక దశలో ఎఫ్‌సీఎస్ జట్లతో, అంటే ఒక మెట్టు కింది విభాగం జట్లతో, ఆడటాన్నే ఆపేయించాలని చూసింది. చివరికి 2017లో ఆ పట్టు సడలించి, సొంతగడ్డ మీద కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు నాలుగే ఉన్న ఏడాది ఆడుకోవచ్చంది. పై లెక్క చూసినవారికి ఆ వెసులుబాటు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టి, ఆటగా చూద్దాం. ఎఫ్‌సీఎస్‌లో ఆడే నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయం ఉన్న సీడర్ ఫాల్స్ నుంచి అయోవా సిటీకి కారులో గంటన్నర ప్రయాణం. 2009 సెప్టెంబర్‌లో ఆ జట్టు అయోవా సొంత మైదానమైన కినిక్ స్టేడియానికి వచ్చి, ఆఖరి క్షణాల్లో 17-16తో వెనుకబడి, గెలుపు కోసం ఫీల్డ్ గోల్‌కు, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడానికి, ప్రయత్నించింది. అయోవా ఆటగాడు దాన్ని అడ్డుకున్నాడు. బంతి మళ్లీ నార్తర్న్ అయోవాకే చిక్కింది, గడియారంలో ఒక్క సెకను మిగిలింది, ఇంకా డౌన్లు, అంటే బంతి ఆడే అవకాశాలు, ఉన్నాయి కాబట్టి మరోసారి కొట్టే హక్కు దక్కింది. రెండోదాన్నీ అడ్డుకున్నారు. అలా గండం గట్టెక్కిన అయోవా ఆ సీజన్‌లో 11 మ్యాచ్‌లు గెలిచి, సీజన్ చివర జరిగే పెద్ద పోటీ ఆరెంజ్ బౌల్ కూడా దక్కించుకుంది. ఒకే రాష్ట్రంలో పెరిగిన కుర్రాళ్లు, ఇటువారు అటు, అటువారు ఇటు చేరి ఉండగలిగిన వాళ్లు, అలా ఎదురెదురుగా నిలబడిన మ్యాచ్‌ను కప్‌కేక్ అనడానికి నాకు నోరు రాదు.

దీని పక్కన 2012 నాటి సవానా స్టేట్ ఉదంతం పెట్టి చూడండి. జార్జియా తీరంలోని ఆ చిన్న కాలేజీ ఓక్లహోమా స్టేట్ దగ్గరికి వెళ్లి 84-0తో, మరుసటి వారం ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55-0తో ఓడింది. ఆ రెండో మ్యాచ్ వాతావరణం వల్ల మూడో క్వార్టర్‌లోనే ఆగిపోయింది. ఆ రెండు ప్రయాణాలకూ కలిపి కాలేజీకి 8,60,000 డాలర్లు ముట్టాయి. ఆ డబ్బు ఆ క్రీడా విభాగానికి అవసరమే, కాదనను. కానీ 2019 నాటికి ఆ కాలేజీ ఇంకో మెట్టు దిగి డివిజన్ టూకి వెళ్లిపోయింది. చూసినవారికీ ఆడినవారికీ ఏమీ మిగల్చని ఇలాంటి మ్యాచ్‌లు అక్కర్లేదు.

ఈ మధ్య ధరలు బాగా పెరిగాయి. 2007లో మిషిగన్‌ను దాని సొంత స్టేడియంలో 34-32తో ఓడించిన అపలాచియన్ స్టేట్ అందుకు పుచ్చుకున్నది 4,00,000 డాలర్లు. అదే జట్టుకు 2022లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ 15 లక్షల డాలర్లు చెల్లించి మరీ 17-14తో ఓడిపోయింది. 2024లో నార్తర్న్ ఇల్లినాయ్ 14 లక్షల డాలర్లతో పాటు 16-14 విజయాన్నీ నోటర్‌డేమ్ నుంచి పట్టుకుపోయింది. డబ్బిచ్చినంత మాత్రాన గెలుపు చేతికి రాదని తెలిశాక, ఈ మ్యాచ్‌లకు నిజమైన విలువ వచ్చింది.

మరి పెద్ద జట్టుతో ఆడితే లాభమేమిటి? అభిమానికి లాభమే, అందులో సందేహం లేదు. 2025 ఆగస్టు 30న టెక్సస్ కొలంబస్ వెళ్లి ఆ ఊరి జట్టు ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడిన మ్యాచ్ ఆ సీజన్ ఆరంభానికే వన్నె తెచ్చింది. కానీ చివరికి 9-3తో, అంటే తొమ్మిది గెలుపులు మూడు ఓటములతో, నిలిచిన టెక్సస్‌కు జాతీయ టైటిల్ కోసం జరిగే 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. ఆ మ్యాచ్ బదులు చిన్న జట్టును పిలుచుకుని ఉంటే 10-2 అయ్యేది కదా అన్న వాదన అప్పటి నుంచీ వినిపిస్తోంది. ఫ్లోరిడా చేతిలో ఓటమి కూడా టెక్సస్‌ను దెబ్బ తీసిందన్నది నిజమే. అయినా 2024లో ఫ్లోరిడా ఇంటర్నేషనల్, వెస్టర్న్ ఇల్లినాయ్, షార్లట్‌లతోనే కాన్ఫరెన్స్ బయటి మ్యాచ్‌లు ముగించుకున్న ఇండియానా 11-1తో ప్లేఆఫ్‌కు వెళ్లింది. ప్లేఆఫ్ జట్లను ఎంచే సంఘం ఓటమిని లెక్కించినంత కచ్చితంగా ప్రత్యర్థి బలాన్ని లెక్కించనంత కాలం, ధైర్యం చేయమని కోచ్‌లకు చెప్పడం అన్యాయం.

ఇప్పుడు ఆగ్నేయ కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ కూడా 2026 నుంచి ఎనిమిది బదులు తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు మారుతోంది, పైగా ఇంకో పెద్ద కాన్ఫరెన్స్ జట్టుతోనో నోటర్‌డేమ్‌తోనో ఒకటి తప్పనిసరి. అంటే స్వేచ్ఛగా నింపుకోగల ఖాళీలు రెండే. నేనైతే రెండింటిలో ఒకటి సొంత రాష్ట్రపు ఎఫ్‌సీఎస్ కాలేజీకి, అదీ సెప్టెంబర్‌లో, కేటాయిస్తాను. నవంబర్‌లో, పోటీ రసపట్టులో ఉండగా, విశ్రాంతి కోసం దూరం నుంచి చిన్న జట్టును రప్పించే ఎస్‌ఈసీ అలవాటును మాత్రం మాన్పిస్తాను. ఖాళీలు తగ్గినప్పుడు ముందుగా వదిలేయాల్సింది ఆ నవంబర్ మ్యాచ్‌నే, గంటన్నర దూరంలోని పక్క ఊరి కాలేజీని కాదు.