ఓవ్యులేషన్ కిట్: స్ట్రిప్పులు మంచివే, 14వ రోజు లెక్కే ముంచింది

అండం ఎప్పుడు విడుదలవుతుందో మూత్రంతో చూసుకునే ఓవ్యులేషన్ కిట్ హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మెడికల్ షాపులో కొన్నాను. ఓవ్యులేషన్ కిట్ అంటే కౌంటర్లో అబ్బాయి ప్రెగ్నెన్సీ కిట్ తీసి పెట్టాడు, అది కాదు తమ్ముడూ అని మళ్లీ చెప్పేసరికి పక్కన బీపీ గోళీలు తీసుకుంటున్న పెద్దాయన కూడా నా వైపు తిరిగాడు. చివరికి పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి ఇచ్చాడు, దొంగసొత్తు లెక్క. లోపల ఐదు స్ట్రిప్పులు, ఒక కాగితం. కాగితమంతా ఇంగ్లిషే, అక్షరాలు చీమ తలకాయంత.

మొదటి నెల ఐదూ దండగ. ఫోన్లో ఉన్న పీరియడ్ యాప్, పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్కేసి 14వ రోజు మీద పువ్వు గుర్తు పెట్టింది, అది నమ్మి 12 నుంచి 16 దాకా రోజుకొకటి వాడేశాను. అండం విడుదలకు ముందు ముదరాల్సిన రెండో గీత రోజూ పాలిపోయే ఉంది. నాకసలు అండమే విడుదల కావట్లేదేమో అని ఒకటే టెన్షన్.

మా వదిన స్టాఫ్ నర్సు. గోడ మీది క్యాలెండర్ తీసి ముందు పెట్టుకుని, "ముందు నుంచి కాదు పిల్లా, వచ్చే డేట్ నుంచి వెనక్కి లెక్కపెట్టు" అంది. 14 అనేది 28 రోజులకోసారి వచ్చేవాళ్ల లెక్క, నాకేమో 35. అండం విడుదలయ్యాక పీరియడ్ వచ్చేదాకా పట్టేది చాలామందికి రెండు వారాలు, కాస్త అటూ ఇటూ. ఎక్కువ తక్కువలన్నీ దానికి ముందు, అండం తయారయ్యే రోజుల్లోనే. అంటే నాకు 21వ రోజు దగ్గర్లో.

నేనైతే బ్లీడింగ్ అవుతున్నప్పుడే అండం విడుదలవుతుందని అనుకునేదాన్ని (నవ్వకండి, డిగ్రీ చదివాను). అండం బయటపడ్డాక అది ఉన్న తిత్తి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఇస్తుంది, గర్భసంచి లోపలి పొర దాని మీదే నిలబడుతుంది. గర్భం రాకపోతే హార్మోన్ పడిపోయి పొర ఊడిపోతుంది, అదే నెలసరి. బతుకమ్మకో పెళ్లికో డేట్ వాయిదా వేయడానికి మనవాళ్లు వేసుకునే గోళీ కూడా ఈ రకం హార్మోనే, అందుకే ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వచ్చేస్తుంది.

రెండో నెల 17వ రోజు మొదలుపెట్టాను. 20వ రోజు సాయంత్రం గీత ముదిరింది, పక్క గీత కంటే కూడా ముదురు. అంటే అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ అనే హార్మోన్ పెరిగింది, ఒకటి ఒకటిన్నర రోజులో అండం విడుదలయ్యే అవకాశం ఉంది. విడుదలైందని మాత్రం స్ట్రిప్ చెప్పదు. విడుదలైన అండం ఒక్క రోజే ఉంటుంది, వీర్యకణాలు ఐదు రోజుల దాకా ఉండొచ్చు, కాబట్టి పిల్లల కోసం చూసేవాళ్లు గీత ముదిరేదాకా ఆగొద్దు. పిల్లలు వద్దనుకునేవాళ్లు దీన్ని నమ్ముకోవద్దు. పరీక్షకు ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించాలి, మన ఎండాకాలం చెంబులకు చెంబులు తాగి చేస్తే గీత తేలిపోతుంది. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉంటే కొందరికి గీత ఊరికే ముదురుగా కనిపిస్తుందట, డాక్టర్ని అడిగి కొనండి.

గీత చూసిన 15 రోజులకు డేట్ వచ్చింది. ఏడుపొచ్చింది నిజమే, కానీ లెక్క తప్పలేదు. స్ట్రిప్పులకు ఐదుకు నాలుగు మార్కులు, ఆ కాగితానికి సున్నా. ఈ నెల ఇంకో డబ్బా తెచ్చాను, నల్ల కవర్ వద్దని చెప్పి చేతిలో పట్టుకునే వచ్చాను.