పెళ్లి ఫొటోల్లో కళ్లు దిద్దడానికి గింప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు మహదేవపురలో చిన్న స్టూడియో పెట్టుకుని, ఎక్కువగా ఇక్కడి తెలుగు కుటుంబాల పెళ్లిళ్లకు పనిచేసే నేను, క్లోజప్ ఫొటోల్లో కళ్ల రీటచింగ్ మొత్తం గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే, దాని 2.10 వెర్షన్ నాటి నుంచీ చేస్తున్నాను. ఉచితంగా దొరుకుతుందన్న కారణంతో మొదలుపెట్టిన మాట నిజమే కానీ, ఇప్పటికీ దాన్నే వాడడానికి కారణం వేరు. ఈ సమీక్ష ఆ ఒక్క పనికే పరిమితం. ఆల్బమ్ డిజైన్, బ్యాక్‌గ్రౌండ్ మార్పుల జోలికి ఇందులో వెళ్లను.

మన పెళ్లి ఫొటోల్లో కళ్లకు ఉండే ఇబ్బందులు మనవే. తెల్లవారుజాము ముహూర్తానికి రాత్రంతా మేలుకుని, ఆపైన హోమం పొగలో కూర్చున్న పెళ్లికూతురి తెల్లగుడ్డులో ఎర్ర జీరలు తేలడం మామూలే; దానికి తోడు మండపం అలంకరణకు పెట్టే ఊదారంగు ఎల్‌ఈడీ లైట్ల ఛాయ కూడా అక్కడే పడుతుంది. గింప్‌లో నేను ముందుగా ఫొటో ఉన్న పొరకు (లేయర్‌కు) నకలు తీసుకుని, బాగా జూమ్ చేసి, కొట్టొచ్చినట్టు కనిపించే జీరలను మాత్రం పక్కనున్న చోటితో మచ్చను కప్పే హీల్ టూల్‌తో చిన్న బ్రష్ పెట్టి తీసేస్తాను. మిగిలిన ఎరుపును ఒక్కొక్క జీర వెంటపడి చెరపకుండా, రంగులను సవరించే హ్యూ-శాచురేషన్‌లో ఎరుపు ఒక్కదాన్నే ఎంచుకుని దాని గాఢత కొంత తగ్గించి, ఆ మార్పునంతా దాచేసే నల్ల మాస్క్ వేసి, తెల్లగుడ్డు మేరకే తెల్ల బ్రష్‌తో దాన్ని బయటికి తెస్తాను. ఇక్కడ ఆగాల్సిన చోటు తెలియాలి. కన్ను గుండ్రనిది కాబట్టి పై రెప్ప నీడ తెల్లగుడ్డు మీద పడి తీరాలి. ఆ నీడను, కంటి కొలికి దగ్గరి గులాబీ రంగును కూడా తుడిచేస్తే ముఖంలో జీవం పోతుంది.

నల్లగుడ్డు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మనవాళ్ల కళ్లు చాలావరకు ముదురు గోధుమ రంగువి; వాటిలో వెలుతురు పెంచగానే అడుగున ఉన్న ఎరుపు, నారింజ ఛాయలు పైకి లేస్తాయి. ఒక్క స్లైడర్ జరిపితే కళ్లు మెరిసిపోతాయని చెప్పే ఆటోమేటిక్ టూల్స్‌తో నాకు పొసగనిది ఇక్కడే. వేరొకరు అలాంటి టూల్‌తో చేసిచ్చిన ఫొటో చూసి ఒక పెళ్లికూతురి తల్లి నాతో అన్న మాట: ‘బాబూ, మా పిల్ల కళ్లకి లెన్సులు పెట్టినట్టున్నాయేంటి?’ గింప్‌లో నేను వెలుగునీడలను సవరించే కర్వ్స్‌తో మధ్య టోన్లను (మరీ వెలుగూ, మరీ చీకటీ కాని భాగాలను) కొద్దిగా లేపి, ఆ మార్పు లైటు మెరుపు పడిన వైపుకు ఎదురుగా ఉన్న కింది భాగంలో మాత్రమే కనిపించేలా మెత్తని బ్రష్‌తో, తక్కువ ఒపాసిటీతో (గాఢతతో) మాస్క్ మీద గీస్తాను. పై ఎడమ నుంచి వచ్చిన వెలుతురు నల్లగుడ్డులో కింది కుడివైపు తేలడం సహజం కనుక ఆ చోటు నమ్మేలా ఉంటుంది. నల్లగుడ్డు చుట్టూ ఉండే ముదురు అంచునూ, మధ్యలోని కంటిపాపనూ అసలు ముట్టుకోను. వీడియో వాళ్ల లైట్లు, నా ఫ్లాష్ కలిసి ఒకే కంట్లో మూడు నాలుగు మెరుపులు పడితే, పైన ఉన్న పెద్దదాన్ని ఉంచి మిగతావాటిపై పక్క భాగం నకలు వేసి (క్లోన్ చేసి) తీసేస్తాను.

2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నా పనికి చేసిన మేలు తక్కువేమీ కాదు. అంతకుముందు కర్వ్స్ వేసి ఓకే నొక్కితే ఆ మార్పు లేయర్‌లో కలిసిపోయేది. తర్వాత కొంచెం తగ్గించాలంటే ఒపాసిటీ దించుకోవడమో, మొదటి నుంచి చేయడమో తప్ప దారి లేదు. ఇప్పుడు కర్వ్స్ లాంటి ఫిల్టర్ లేయర్‌కు అంటిపెట్టుకుని ఉంటుంది, గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ అవుతుంది, వారం తర్వాత తెరిచినా విలువలు మార్చుకోవచ్చు. మానిటర్ మీద సరిగ్గా ఉన్న కన్ను 12 బై 36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు మీద ప్రింటయ్యాక మరీ తెల్లగా తేలడం మా వృత్తిలో రోజూ చూసేదే. అందుకని నమూనా ప్రింటు (ప్రూఫ్) చూసిన తర్వాతే తుది విలువ పెట్టే అలవాటు ఈ వెర్షన్‌తో సాధ్యమైంది.

లోపాలు లేకపోలేదు. కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫైళ్లను గింప్ తనంతట తాను తెరవలేదు. డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ లాంటి మరో సాఫ్ట్‌వేర్ తోడు కావాలి. ముఖాన్ని గుర్తుపట్టి కళ్లను తానే ఎంచుకునే సౌకర్యం లేదు, ప్రతి మాస్కూ చేత్తో గీయాల్సిందే. ఫ్లాష్ వల్ల కంటిపాప ఎర్రగా పడే రెడ్-ఐని తొలగించే ఫిల్టర్ ఉంది, పనిచేస్తుంది, అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. కళ్ల కింది నల్లటి వలయాలను నకలు లేయర్ మీద హీల్ చేసి, ఒపాసిటీని సగానికి దించుతాను. పూర్తిగా తీసేస్తే అది వేరే మనిషి ముఖం అవుతుంది. పాస్‌పోర్టు ఫొటోల్లో మాత్రం ఇవేవీ చేయను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫొటో అక్కడ చెల్లదు.

వందల ఫొటోల ఆల్బమ్‌ను ఇలా చేత్తో చేయడం గిట్టుబాటు కాదు. షీటు నిండా ఒకే ముఖం వచ్చే క్లోజప్‌లకే ఈ పని కేటాయిస్తాను. వేదిక మీద బంధువులంతా నిలబడే గ్రూపు ఫొటోల్లో వెలుతురు, రంగు సరిచేసి ప్రింటుకు పంపేస్తాను.